సంతకం పెట్టే ముందు

చిట్టీ,

సిటీ షెల్టర్‌లో వెటర్నరీ డాక్టర్‌గా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా ఉందో అంత టెన్షన్ కూడా పట్టుకుంది. జీతం, డ్యూటీ టైమింగ్స్ నువ్వు చూసుకోగలవు. నేను రాసేది అక్కడ జంతువుల్ని సూదితో శాశ్వతంగా నిద్రపుచ్చే ఒక్క గది గురించే. ఇంటర్వ్యూలో దాని ఊసు ఎవరూ ఎత్తరు.

సూది సంగతి కాలేజీలో నేర్పే ఉంటారు. ముందు మత్తు, అది పూర్తిగా ఎక్కాకే ప్రాణం తీసే మందు, పెంటోబార్బిటాల్. మెలకువలో ఉన్న జంతువు గుండెలోకి సూది దించకూడదు. ఇంకో జంతువు కళ్లముందు ఆ పని చేయకూడదు. ఊపిరి ఆగిందని వదిలేయకు, స్టెతస్కోప్ పెట్టి విను, కనుగుడ్డు తాకి చూడు. కళేబరాన్ని ఆరుబయట పారేయనివ్వకు. మందు మాంసంలో ఉండిపోతుంది, తిన్న గద్దలూ రాబందులూ చస్తాయి.

ఇక అసలు సంగతి. నేను పనిచేసిన ఒక షెల్టర్‌లో గుర్తింపు కార్డు కుక్క మెడకు కాదు, బోనుకు వేలాడేది. ఒకరోజు పొద్దున్నే బోన్లు కడగడానికి పక్కపక్క బోన్లలోని రెండు గోధుమరంగు కుక్కల్ని బయటికి తీశారు. మళ్లీ పెట్టేటప్పుడు అటుది ఇటు, ఇటుది అటు అయ్యాయి. ఒకదానికి మనుషుల్ని కరిచిన చరిత్ర ఉంది, ఆ రోజు సూది వేయాల్సిన జాబితాలో దాని బోను నంబరు ఉంది. రెండోది ఇంటి నుంచి తప్పిపోయి వచ్చింది, యజమాని కోసం ఆగాల్సిన గడువు ఇంకా తీరలేదు. డ్యూటీ డాక్టరు కార్డు మీద నంబరు చూశాడు, జాబితాతో సరిపోయింది, పని కానిచ్చేశాడు. చర్మం కింద ఉండే గుర్తింపు చిప్‌ను చదివే స్కానర్ ఏమైందంటావా? బ్యాటరీ అయిపోయి సొరుగులో పడి ఉంది.

అలా చచ్చింది తప్పిపోయి వచ్చిన కుక్క. సాయంత్రం దాని యజమాని చేతిలో పట్టీతో వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. అప్పుడు జరిగిందే నాకు ఈనాటికీ కడుపు మండిస్తుంది. పైఅధికారి గుమాస్తాను పిలిచి రిజిస్టర్‌లో కారణం గడిలో 'తీవ్ర అనారోగ్యం' అని రాయించాడు. సాక్షి సంతకం నన్ను పెట్టమన్నాడు. పెట్టనన్నాను. మర్నాటి నుంచి నాకు ఆ గది డ్యూటీ లేదు. ఆ డాక్టరు చాలా మంచివాడు, చేయి తేలికైన మనిషి. కొన్నాళ్లకు ఉద్యోగమే మానేశాడు. పొరపాటు జరిగిందన్న బాధ కంటే, దాన్ని ఒప్పుకునే దారి కూడా లేకుండా చేశారన్న బాధే అతన్ని ఎక్కువగా తినేసింది. ఆ మనిషికి నిజం చెప్పి క్షమాపణ అడిగి ఉంటే, మర్నాడే ప్రతి కుక్క మెడకూ ట్యాగ్ కట్టి ఉండేవాళ్లం. జబ్బని రాసుకున్నాక మార్చడానికి ఇంకేం మిగిలింది?

కాబట్టి ముందు మెడకు ట్యాగ్ కట్టించు. లోపలికి తెచ్చినప్పుడొకసారి, సూదికి ముందు మరోసారి నీ చేత్తోనే స్కాన్ చెయ్యి. చిప్ భుజాల మధ్య వేసినా ఒక్కోసారి కిందికి, కాలి వైపు జారుతుంది, ఒళ్లంతా తిప్పి చూడాలి. నువ్వు పరీక్షించని జంతువుకు ఎవరడిగినా సంతకం పెట్టకు. కాలిఫోర్నియాలో 1998లో తెచ్చిన చట్టం ప్రతి జంతువు రికార్డూ మూడేళ్లు ఉంచమంది, ప్రాణం తీసిన మనిషి పేరుతో సహా. మీ దగ్గర చట్టం అడిగినా అడగకపోయినా నీ పేరు రాయి. మందు మిల్లీలీటర్ల లెక్క కూడా రాయి, పక్కన రెండో మనిషి సంతకం ఉండాలి.

లెక్కల దగ్గర ఇంకో చిక్కుంది. నూటికి తొంభై ప్రాణాలతో బయటికి వెళితే 'నో-కిల్' షెల్టర్ అంటారు. 2004లో అమెరికాలో అసిలోమార్ ఒప్పందం జంతువుల్ని ఆరోగ్యంగా ఉన్నవి, నయమయ్యేవి, మందులతో నెట్టుకురాగలిగేవి, నయం కానివి అని విడదీసింది. ఉద్దేశం మంచిదే. కానీ యజమాని కోరిక మీద నిద్రపుచ్చిన నయం కాని జంతువులు ఆ శాతంలోకి రావు. ఆ గడిలోకి ఏవేవి చేరుతున్నాయో నువ్వు చూడాలి. బోనులోనే చచ్చినవి ఎన్ని, గేటు దగ్గరే వద్దని తిప్పి పంపినవి ఎన్ని, అడుగు. శాతం కోసం నొప్పితో మూలుగుతున్న కుక్కను నెలల తరబడి బోనులో ఉంచడమూ పాపమే. అలాంటప్పుడు సూది తీసుకోవడానికి వెనకాడకు.

రెండో రోజే 'కరుస్తుంది' అని ముద్ర వేయనివ్వకు. బెదిరిన ఇంటి పిల్లి కూడా బోనులో అడవిపిల్లిలా బుస కొడుతుంది, నాలుగు రోజులు ఆగితే గడ్డం నీ చేతికి రాస్తుంది. చోటు చాలక తీసిన ప్రాణానికి 'చోటు లేదు' అనే రాయి. 'స్వభావం బాగోలేదు' అని రాస్తే, కొత్త బోన్లు కావాలని అడగడానికి నీ దగ్గర కాగితమే ఉండదు.

నా భయమంతా నీ గురించే. చిన్నప్పుడు రెక్క విరిగిన పిచ్చుక చచ్చిపోతే రెండు రోజులు అన్నం ముట్టని పిల్లవి నువ్వు. ఆ గదిలో రోజూ నువ్వే నిలబడొద్దు, వంతులు వేయమని గట్టిగా అడుగు. ఏడుపొస్తే ఏడువు, ఎవరేమనుకుంటే నీకేం? నిద్ర పట్టడం మానేస్తే మాత్రం 'అలవాటైపోతుందిలే' అని సర్దుకోకు, నాకు ఫోన్ చెయ్యి, వెంటనే డాక్టర్‌కు చూపించుకో.

చేరేముందు డైరెక్టర్ని రెండు అడుగు: పోయినేడాది రిజిస్టర్ చూపిస్తారా, ఈ జంతువుకు ఇప్పుడే వద్దని నేను రాస్తే దాన్ని కొట్టేసే అధికారం ఎవరికుంది? ఏం చెప్పారో నాకు రాసి పంపు. ఆ తర్వాతే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టు.

మీ పెద్దమ్మ