వాడిది సోమరితనం కాదమ్మా

ప్రశ్న: మాది గుంతకల్లు దగ్గర పల్లె. చెనిక్కాయ పెడతాం. మావాడికి 19 ఏళ్లు. అప్పు చేసి నీట్ లాంగ్‌టర్మ్‌కు పంపినాం. రెండోసారి కూడా సీటు రాలేదు. అప్పట్నుంచి రాత్రంతా ఫోన్, పగలంతా నిద్ర. అన్నం సగంలో వదిలేస్తాడు, క్రికెట్‌కూ పోడు. సోమరిపోతు అని వాళ్ల నాన్న తిడతాడు. కసాపురం స్వామి దగ్గర తాయెత్తు కట్టించినాం. మొన్న "నేను లేకుంటే మీ అప్పన్నా తీరుతుంది" అన్నాడు. డాక్టర్ దగ్గరికి పోతే పిచ్చోడని ముద్ర పడుతుందని ఆయన భయం. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మొన్న మీవాడు అన్న మాటను కోపంలో అన్నాడులే అని వదిలేయకండి. ఈరోజే పక్కన కూర్చుని సూటిగా అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది తల్లులు వెనకాడతారు. అలా పుట్టదు. ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోతున్న పిల్లాడికి చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి. ఎప్పటినుంచి, ఏం చేసుకోవాలనుకున్నావు అని అడిగి, చెప్పింది పూర్తిగా వినండి. ఒంటరిగా వదలకుండా ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అంతకంటే ముందు ఇంకో పని ఉంది. సేద్యం చేసే ఇల్లు కదా, సగం వాడి మిగిల్చిన పురుగుమందు డబ్బాలు అటక మీదో, పశువుల కొట్టంలోనో ఉంటాయి. ఒక్కటి కూడా మిగల్చకుండా తీసి, వేరేవాళ్ల ఇంట్లో తాళం వేసి పెట్టించండి. చావాలన్న తలంపు చాలామందిలో ఉప్పెనలా వచ్చి కాసేపటికి తగ్గుతుంది. ఆ కాసేపు మందు చేతికి అందకపోతే ప్రాణం దక్కుతుంది. దీన్ని మాత్రం రేపటికి వాయిదా వేయకండి.

సోమరి అయితే చదువు ఎగ్గొట్టి క్రికెట్‌కు పోయేవాడు. మీవాడు ఆ క్రికెట్టే మానేశాడు. ఇష్టమైనవి రుచించకపోవడం, నిద్ర తారుమారు కావడం, తిండి తగ్గడం రెండు వారాలు దాటి ఉంటే డిప్రెషన్ అని అనుమానించాల్సిందే. తాయెత్తు ఉండనీయండి, స్వామిని నమ్ముకోవడం తప్పు కాదు. దాంతోపాటు వైద్యం కావాలి. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మందులు రాస్తే గుణం తెలియడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. వారం వాడి పని చేయలేదని ఆపేయకండి, కాస్త బాగుందని కూడా డాక్టర్‌ని అడగకుండా మానేయకండి.

ముద్ర పడుతుందన్న భయం ఆయనొక్కడిదే కాదు, మన ఊళ్లలో అందరిదీ. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది, ఆ సంగతి ఆయనకు చెప్పండి. ఒక్క మాట మాత్రం ఆయన నోటి నుంచే రావాలి: "అప్పు నేను చేసింది, నేను తీర్చుకుంటా. నువ్వు మాకు కావాలి." ఆ పిల్లాడు తన ప్రాణాన్ని అప్పుతో లెక్క వేసుకుంటున్నాడు. తండ్రి చెబితే తప్ప ఆ లెక్క చెరగదు. వచ్చే ఏడు మళ్లీ నీట్ రాయాలా వద్దా అన్న మాట ఇప్పుడు ఇంట్లో ఎత్తకండి.

ఆసుపత్రికి రానని మొండికేస్తే మీరే 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాధల్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సహాయ నంబరు. ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, ఇంట్లోవాళ్లకు కూడా సలహా ఇస్తారు.