హంతకుడెవరో తెలిసిన తర్వాత

నల్లకుంట, హైదరాబాద్
ఆదివారం రాత్రి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మొన్న నువ్వు మా ఇంటికి వచ్చేసరికి నేను బ్యోమకేశ్ బక్షి అనే పాత డిటెక్టివ్ సీరియల్ చూస్తున్నాను. "ఇది ఎన్నోసారి సర్?" అన్నావు. లెక్కపెట్టలేదన్నాను. "హంతకుడెవరో తెలిసిపోయాక ఇంకేం చూస్తారు?" అని అడిగావు. ఇంతలో మా ఆవిడ టీ తెచ్చింది. మాట నీ హాస్టల్ మీదికీ, అశోక్‌నగర్ అద్దెల మీదికీ మళ్ళింది. నీ ప్రశ్న అక్కడే ఉండిపోయింది. వెళ్తూ వెళ్తూ నీ కథ నా చేతిలో పెట్టావు. దాన్ని రెండుసార్లు చదివాను. చదివాక, నీ ప్రశ్నకి జవాబు, నీ కథకి సలహా ఒకటేనని అర్థమైంది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతాను, అందుకే ఉత్తరం.

ఇందులో రెండు మూడు కథల ముగింపులు చెప్పేస్తున్నాను. కావాలనే చెబుతున్నాను. నువ్వు వాటిని మొదటిసారే రెండోసారి చూసినట్టు చూడాలని నా ఆశ.

1993లో దూరదర్శన్‌లో ఆ సీరియల్ మొదలైనప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. విద్యానగర్‌లో రెండు గదుల వాటా, మేడ మీద యాంటెన్నా. గాలి వీస్తే నేను పైకెక్కి దాన్ని తిప్పాలి, మా ఆవిడ కిటికీలోంచి "వచ్చింది, వచ్చింది, ఆపు" అని అరవాలి. శరదిందు బందోపాధ్యాయ్ బెంగాలీలో రాసిన కథల్ని బాసు చటర్జీ హిందీలో తీశాడు. బ్యోమకేశ్‌గా రజిత్ కపూర్, అతని స్నేహితుడు అజిత్‌గా కె.కె. రైనా. అజిత్ రచయిత, అది గుర్తుపెట్టుకో. డిటెక్టివ్ అనగానే కోటు, టోపీ, పైపు గుర్తొచ్చే రోజులవి. ఇతను పంచె కట్టుకుని, మన ఇంటికి వచ్చిన చుట్టంలా కూర్చుని మాట్లాడేవాడు. తనని డిటెక్టివ్ అంటే ఒప్పుకునేవాడు కాదు, సత్యాన్వేషి అనమనేవాడు. ఆ మాట మన తెలుగు మాట లాగే వినిపించి, మొదటి రోజే మనవాడైపోయాడు.

అప్పుడు మా అమ్మ మా దగ్గరే ఉండేది. తెనాలి దగ్గర పల్లెటూరి మనిషి. హిందీ ఒక్క ముక్క రాదు. మొదటి కథ వస్తోంది. కలకత్తాలో ఒక మెస్, కింద హోమియోపతి డాక్టరు, పైన అద్దెకుండే మగవాళ్ళు. ఆ పేటలో కొకైన్ వ్యాపారం, హత్యలు. ఆ మెస్‌లోకి అతుల్ అనే కొత్త మనిషి గది వెతుక్కుంటూ వస్తాడు, అజిత్ తన గదిలో చోటిస్తాడు. అక్కణ్ణుంచి నా అనుమానమంతా ఆ కొత్తవాడి మీదే. అమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తి ఒకసారి చూసి, "ఈ డాక్టరు అందరికీ ఇంత మంచివాడేంట్రా?" అంది. నేను విసుక్కున్నాను. "నీకు భాష రాదు, ఊరుకో అమ్మా" అన్నాను. కాసేపటికి హంతకుడు ఆ డాక్టరేనని తేలింది. కొత్తగా వచ్చిన అతుల్ మారుపేరుతో ఉన్న బ్యోమకేశ్. అమ్మ ఏమీ అనలేదు. చాట కింద పెట్టి, ఏరిన రాళ్ళు గుప్పిట్లోకి తీసుకుని బయట పారేసి వచ్చింది.

ఆ మాట చాలా ఏళ్ళు నాలో నలిగింది. అన్ని మాటలూ అర్థమైన నాకు కనిపించనిది, ఒక్క మాటా అర్థంకాని అమ్మకి ఎలా కనిపించింది? పునఃప్రసారంలో అదే ఎపిసోడ్ మళ్ళీ చూసినప్పుడు తెలిసింది. మొదటిసారి నేను మాటల వెంట పరిగెత్తాను. ఎవరు, ఎందుకు, తర్వాతేంటి అనే టెన్షన్ నన్ను ముందుకి తోస్తూనే ఉంది. అమ్మకి ఆ తోపుడు లేదు. మనుషుల్ని మాత్రమే చూసింది. ముగింపు తెలిసిన రెండోసారి నాకూ ఆ తీరిక దొరికింది. చూస్తే, కథంతా ఆ డాక్టరు చుట్టూనే తిరుగుతోంది. మెస్ నడిపేది అతనే. మందిచ్చేది అతనే. ఎవరికి భయమేసినా చెప్పుకునేది అతనికే. అందరూ హత్యల గురించి ఆశ్చర్యపోతుంటే అతనూ వాళ్ళతో కూర్చుని ఆశ్చర్యపోతాడు. రచయిత అతన్ని ఏ మూలా దాచలేదు. దీపం కింద చీకటి ఉంటుందని తెలిసినవాడు కాబట్టి సరిగ్గా దీపం కిందే కూర్చోబెట్టాడు.

ఇంకో సంగతి కూడా అప్పుడే పట్టుకున్నాను. ఆ ఇంట్లో వేషం వేసుకున్నవాళ్ళు ఇద్దరు. హంతకుడు మంచివాడి వేషంలో, సత్యాన్వేషి అనామకుడి వేషంలో. ఇద్దరూ ఒకే కప్పు కింద, ఒకరినొకరు కనిపెడుతూ. ఈ రెండు అబద్ధాల మధ్య ఏమీ తెలియకుండా అజిత్ తిరుగుతుంటాడు. అది తెలిసి చూస్తే ప్రతి పలకరింపుకీ రెండు అర్థాలు వినిపిస్తాయి. ఒక్క డైలాగు మారలేదు, కానీ నాకు పూర్తిగా కొత్త కథ దొరికింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదంటే నమ్ము. ఒకే కథని రెండుసార్లు రాయకుండా రెండు కథలుగా రాయొచ్చా అని పడుకుని ఆలోచిస్తూనే ఉన్నాను.

గ్రామఫోన్ సూది కథ సంగతి వేరు. కలకత్తా రోడ్డు దాటుతున్న మనుషులు ఉన్నట్టుండి కూలిపోతుంటారు. గుండెలో గ్రామఫోన్ సూది. తుపాకీ చప్పుడు లేదు, దగ్గరికొచ్చిన మనిషి లేడు. ఒకాయన మాత్రం బతికి బయటపడతాడు, ఎందుకంటే సూది అతని జేబులో గడియారానికి గుచ్చుకుంది. ఆ ఎపిసోడ్ వస్తుండగా మా వీధిలో కరెంటు పోయింది. మరి రాలేదు. చీకట్లో మంచం మీద కూర్చుని, ఆ సూది ఎక్కణ్ణుంచి వచ్చిందా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మేడ మీదినుంచి అనుకున్నాను, గొడుగులోంచి అనుకున్నాను, చేతికర్రలోంచి అనుకున్నాను. తెల్లారి ఆఫీసు దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని ఒక స్నేహితుడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "సైకిల్ బెల్లు గురూ." నాకు ఏడుపొచ్చినంత పనైంది. కథ మొత్తం ఎవరో నా చేతిలోంచి లాగేసుకున్నట్టు అనిపించింది.

(మా చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవల తెచ్చుకుంటే చివరి పేజీ చిరిగి ఉండేది. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌ని అలా ఎన్నిసార్లు సగంలో వదిలేశానో. ముగింపు లేకపోతే పుస్తకానికి ప్రాణమే లేదనుకునేవాణ్ణి.)

ఆ సైకిల్ బెల్లు ఎపిసోడ్‌ని మొదటినుంచి చివరిదాకా నేను చూడగలిగింది 2020 లాక్‌డౌన్‌లో. మార్చి నెలాఖర్లో దూరదర్శన్ పాత సీరియళ్ళు మళ్ళీ వేసింది కదా, బ్యోమకేశ్ పగలు పదకొండు గంటలకి వచ్చేది. ఇరవయ్యేడేళ్ళుగా ముగింపు తెలిసిన కథ. అయినా కుర్చీ అంచున కూర్చుని చూశాను. బయట నల్లకుంటలో ఒక్క బండి లేదు. శంకర్‌మఠ్ వైపు రోడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం అదే చూడటం. టీవీలో కలకత్తా వీధి నడుస్తుండగా మా సందులోంచి ట్రింగ్ ట్రింగ్ అని సైకిల్ బెల్లు వినిపించింది. పాలబ్బాయి. నా ఒళ్ళు ఝల్లుమంది. మా ఆవిడ కూడా నా వైపు చూసింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

అప్పుడర్థమైంది నాకు శరదిందు ఏం చేశాడో. వీధిలో సైకిల్ బెల్లు మోగితే ఎవరు పట్టించుకుంటారు? మోగిందంటే పక్కకి జరుగుతాం, అంతే. ఆ జరగడంలోనే చెవి దాన్ని వదిలేస్తుంది. బతికిన మనిషి బ్యోమకేశ్‌కి జరిగింది చెప్పేటప్పుడు బెల్లు విన్నానని కూడా చెబుతాడు. అంటే హత్య ఎలా జరిగిందో మనకి చెప్పేశాడు. మనమే అది వీధి చప్పుడనుకుని వదిలేశాం. మరో కథలో ఇల్లంతా గాలించినా దొరకని వజ్రం, బల్ల మీద అందరికీ కనిపించే నటరాజ విగ్రహంలో ఉంటుంది. అదే చెయ్యి, అదే ధైర్యం. ఆధారాన్ని పాఠకుడి ముందు పెట్టి, అది నీదే, తీసుకో అన్నట్టు రాయడానికి గుండె కావాలి. నువ్వు నేర్చుకోవాల్సింది ఆ గుండె ధైర్యమని నా నమ్మకం.

సీరియల్లో లోపాలు లేవని కాదు. కొన్ని మారువేషాలు చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. కొన్ని ఎపిసోడ్ల చివర బ్యోమకేశ్ కూర్చుని అంతా వివరిస్తుంటే కథ ఆగిపోయి పాఠం మొదలవుతుంది. అయినా నాకు ఆ గదులు ఇష్టం. తీరిగ్గా మాట్లాడే మనుషులు, ఒకరి మాట పూర్తయ్యేదాకా ఆగే మనుషులు. హంతకుడెవరో తెలుసు కాబట్టి కంగారు లేదు. ఆ గదిలో ఓ మూల కూర్చున్నట్టు ఉంటుంది. 2020 జూన్ 4న బాసు చటర్జీ పోయారని తెలిసిన రోజు నేను మళ్ళీ ఆ మొదటి ఎపిసోడే పెట్టుకున్నాను. ఆ డాక్టరు కనిపించగానే ప్రతిసారీ మా అమ్మ గొంతు వినిపిస్తుంది. అమ్మ పోయి పదకొండేళ్ళయింది. ఆ ఒక్క మాట కోసమే అయినా నేను ఆ ఎపిసోడ్ చూస్తాను.

ఇక నీ కథ.

వాక్యం బాగుంది. హాస్టల్ మెట్ల మీద తడి బట్టల వాసన, కోచింగ్ నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే మంచం మీద వాలిపోయే పిల్ల, ఇవి చూసి రాసినవి, ఊహించి రాసినవి కావు. చిక్కంతా ఏడో పేజీలో వచ్చింది. ఆరు పేజీలు ముగ్గురమ్మాయిల మీద అనుమానం తిప్పి తిప్పి, చివర్లో హాస్టల్ ఓనరు బావమరిదిని తెచ్చి నిలబెట్టావు. అతను అంతకుముందు ఎక్కడా లేడు. నేను ఆశ్చర్యపోయాను, నిజమే. కానీ రెండోసారి చదువుతుంటే నాకు ఏమీ దొరకలేదు. ఎక్కడ ఆగి చూడాలో తెలియలేదు. ఆరు పేజీలూ ఖాళీ గదుల్లా అనిపించాయి. నీ హంతకుడి పేరు నా దగ్గర దాచి ఉంచావు, కానీ హంతకుణ్ణి దాచలేదు. అతను లేడు, అంతే.

ఆ బావమరిదిని మొదటి పేజీలోకి తీసుకురా. ఊరికే నిలబడితే కుదరదు, అతనికి పని ఉండాలి, ఆ పని మనకి అక్కరకొచ్చేదై ఉండాలి. నీ కథ డిసెంబరులో జరుగుతోంది. నాలుగు రోజులుగా గీజర్ పాడైపోయిందని రాశావు. అతన్ని ఆ గీజర్ బాగుచేయించే మనిషిగా రానీ. పొద్దున్నే ఆరింటికి వేణ్ణీళ్ళు వస్తే హాస్టల్ అంతా అతనికి థాంక్స్ చెబుతుంది. మీ ఊళ్ళో సంగతి ఏమో గానీ, చలికాలంలో వేణ్ణీళ్ళు ఇప్పించినవాణ్ణి అశోక్‌నగర్‌లో ఎవరూ అనుమానించరు. అలాగే అతను గీజర్ కోసం పైకి ఎక్కాడు అంటే, మూడో అంతస్తు బాత్రూం కిటికీ అతనికి తెలుసు. ఆ కిటికీ గురించి నువ్వు ఆరో పేజీలో రాశావు. దాన్ని రెండో పేజీకి జరుపు. అక్కడ దాన్ని చలిగాలి కోసం వాడు. ఆ అమ్మాయి కిటికీ సందులో న్యూస్‌పేపర్ మడిచి కుక్కుతున్నట్టు రాయి. చదివేవాళ్ళు చలి గురించి చదువుతారు. రెండోసారి చదివేవాళ్ళు మాత్రం ఆ పేపర్ దగ్గర ఆగిపోతారు.

ముగింపు ముందే తెలిస్తే రాసే ఉత్సాహం పోతుందేమోనని నువ్వు భయపడుతున్నట్టున్నావు. నీ కథ చదివితే, ఎవరు చంపారో నీకూ ఆరో పేజీ దాకా తెలియదనిపించింది. అలా రాయడం తప్పు కాదు, మొదటి ప్రతి అలాగే రాసుకో. తెలిశాక మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళు. శరదిందు 1932లో బ్యోమకేశ్ కథలు మొదలుపెట్టినప్పుడు ముందు రాసింది ఈ గ్రామఫోన్ సూది కథే. తర్వాత వజ్రం కథ. బ్యోమకేశ్, అజిత్ ఒకరికొకరు ఎలా పరిచయమయ్యారో చెప్పే ఆ మెస్ కథ మూడోది. మనిషిని రెండు కథల్లో చూసి, వాడెవడో తనకి తెలిశాకే, వాడు తలుపు తట్టి లోపలికి రావడం ఎలా ఉంటుందో రాశాడు. సీరియల్లో మాత్రం అదే మొదట వస్తుంది. నీ కథకి మొదటి పేజీ కూడా చివర్లో రాస్తే నష్టం లేదు.

అజిత్ గురించి ఒక్క మాట. ఆ రోజుల్లో నాకు బ్యోమకేశ్‌లా అవ్వాలని ఉండేది. ఇప్పుడు చూస్తుంటే నా కళ్ళు అజిత్ మీదే ఉంటాయి. అతనికి తెలివి తక్కువేం కాదు. పక్కనే ఉండి, చూసినదంతా చూసినట్టు చెబుతాడు, దేనికి విలువ ఉందో తెలియకపోయినా ఏదీ వదిలెయ్యడు. నీ కథలో ఆ పని చేసే మనిషి లేదు. ముగ్గురమ్మాయిల మనసుల్లోకీ వెళ్ళావు, అందువల్ల ముగ్గురూ ఏదో ఒకటి దాచాల్సి వచ్చింది. చెప్పులు విప్పకుండా పడుకునే ఆ పిల్ల కళ్ళతోనే కథంతా చూడు. ఆమె అలసిపోయి ఉంటుంది కాబట్టి కొన్ని సరిగ్గా చూడదు. అది నీకు అక్కరకొస్తుంది.

వచ్చే ఆదివారం కుదిరితే రా. గ్రామఫోన్ సూది ఎపిసోడ్ పెడతాను. నీకు ముగింపు తెలుసు, కాబట్టి నీ పని ఒక్కటే: బెల్లు ఎన్నిసార్లు మోగిందో కాగితం మీద గీతలు పెట్టు. నేనూ పెడతాను. చివర్లో ఇద్దరి గీతలూ పక్కపక్కన పెట్టి చూద్దాం. వచ్చేటప్పుడు కథ మొదటి రెండు పేజీలు తెచ్చుకో, మిగతావి హాస్టల్లోనే ఉంచు. మధ్యాహ్నం భోజనం ఇక్కడే. గోంగూర చేస్తానంటోంది మా ఆవిడ.

ఆశీస్సులతో,
మీ సర్