డెస్కులో చేరబోతున్న చిన్నికి

చిన్నీ,

నువ్వు పేపర్ డెస్కులో ట్రెయినీగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు తల్లీ. మనింటి ఆడపిల్ల వార్తలు దిద్దబోతోందని గర్వం, ఏ వార్త బుట్టలో వేస్తుందోనని భయం.

పేర్లు రెండుసార్లు సరిచూసుకోవడం, డెడ్‌లైన్ దాటకపోవడం వారంలో వాళ్లే నేర్పేస్తారు. ఏది పక్కన పెట్టకూడదో మాత్రం ఎవరూ నేర్పరు.

1992లో నేను నెల్లూరు జిల్లా పేజీ చూసేవాణ్ని. మండలాల నుంచి కంట్రిబ్యూటర్ల కవర్లు సాయంత్రం బస్సుల్లో వచ్చేవి. ఒకరోజు ఒక కవర్లో రూళ్ల కాగితం మీద పెన్సిల్‌తో రాసిన వార్త. ఊళ్లో ఆడవాళ్లు సారా కొట్టు ముందు బైఠాయించి ప్యాకెట్లు పారబోశారట. మంత్రి పర్యటనతో, చివర్లో వచ్చిన ప్రకటనతో పేజీ అప్పటికే నిండిపోయింది. పైగా మొగుడూ పెళ్లాల గొడవ, ఇదేం వార్త అనుకున్నాను. మడిచి బుట్టలో పడేశాను. వేయొద్దని నాకెవరూ చెప్పలేదు. నా చేత్తో నేనే.

నాలుగు రోజులకి ఆ కంట్రిబ్యూటర్ ఆఫీసుకొచ్చాడు. లైనుకింత అని ఇచ్చే డబ్బులకు పనిచేసే కుర్రాడు, సొంత ఛార్జీలు పెట్టుకుని వచ్చాడు. గొంతు కూడా పెంచలేదు. "ఆ ఆడవాళ్లు రాత్రి బడిలో ఇప్పుడిప్పుడే అక్షరాలు నేర్చుకున్నారు సార్. రోజూ పేపర్ తెప్పించుకుని, మన ఊరి పేరు ఎక్కడుందా అని వేలు పెట్టి వెతుక్కుంటున్నారు" అన్నాడు.

తర్వాత ఆ జిల్లాలో సారా వేలాలే సాగనివ్వలేదు ఆడవాళ్లు. సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డ దూబగుంట అనే ఊరి పేరు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. మేమూ పేజీలకు పేజీలు వేశాం. నేను పారేసిన కవర్లోని ఊరి పేరు మాత్రం ఎక్కడా రాలేదు. ఆ వేళ్లు ఇప్పటికీ నా కళ్ల ముందు కదులుతుంటాయి.

ఇప్పుడు వాట్సాప్ ఉంది కదా మావయ్యా అంటావు. ఉండనీ. అందులో వచ్చిన వందలో ఏది పేజీలోకి ఎక్కాలో తేల్చేది డెస్కే. ఫోన్ చేయించగలిగినవాళ్ల వార్త నువ్వు ఆపినా వస్తుంది. ఎవరూ ఫోన్ చేయని వార్త రోజుకొకటైనా వెతికి పట్టుకో. చోటు లేకపోతే నాలుగు లైన్లకు కుదించు, ఊరి పేరు తీసేయకు. ఆపినవాటిని నోట్‌బుక్‌లో రాసుకో, ఎందుకు ఆపావో కూడా. చిన్నప్పుడు పాఠం సగం చదివి మొత్తం చదివేశానని బొంకేదానివి. ఆ తొందర అక్కడ చూపించావంటే ఊరుకోను.

నైట్ డ్యూటీ ఉన్నరోజు తొమ్మిదిలోపే అన్నం తినెయ్. నేను ఆ కవరు పారేసింది ఆకలి మీద. ఆఫీసు బండి వీధి చివర దింపుతానంటే ఒప్పుకోకు, గుమ్మం దాకా రమ్మను. నువ్వు దిద్దిన మొదటి పేజీ ఒక కాపీ నాకు పోస్టులో పంపు.

మీ మావయ్య