గిటార్ లేకపోతే బ్యాండ్ కాదా?

ప్రశ్న: అన్నా, మేం వరంగల్‌లో ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్. ఇద్దరం కీబోర్డ్ వాయిస్తాం, ఒక డ్రమ్మర్ ఉన్నాడు, ఒకమ్మాయి పాడుతుంది. గిటారిస్ట్ ఎంతకీ దొరకట్లేదు, గిటార్ లేని బ్యాండేంట్రా అని హాస్టల్లో ఒకటే నవ్వు. ఆపేయమంటారా?

జవాబు: ఎందుకు తమ్ముడూ ఆపడం! ఇంగ్లండ్ బ్యాండ్ కీన్‌కి 2001లో గిటారిస్ట్ వెళ్ళిపోతే ఇంకొకణ్ణి వెతుక్కోకుండా పియానోనే ముందుకి తెచ్చారు, యమహా సీపీ70 ఎలక్ట్రిక్ పియానోని డిస్టార్షన్ (సౌండుని గరగరలాడించే ఎఫెక్ట్) లోంచి పంపితే గిటార్ చేసే గోలంతా అదే చేసింది. జర్మనీ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్ సంగతైతే చెప్పక్కర్లేదు, సింథసైజర్లతోనే పేరు తెచ్చుకున్నారు.

మీకు అసలు తలనొప్పి బేస్‌తో, అంటే కింది లోతైన స్వరాలతో. ఇద్దరూ రెండేసి చేతులతో కింది ఆక్టేవుల్లో కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) పట్టుకున్నారనుకో, సౌండంతా బురదైపోయి పాడే అమ్మాయి గొంతు అందులో మునిగిపోతుంది. అందుకే ఒకళ్ళ ఎడమ చెయ్యి బేస్‌కే, అదీ ఒక్కో నోటే, కిక్ డ్రమ్‌తో (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కలిసి పడాలి. అమెరికా బ్యాండ్ డోర్స్‌లో గిటార్ ఉన్నా స్టేజి మీద బేస్ ప్లేయర్ ఉండేవాడు కాదు, రే మంజారెక్ ఎడం చేత్తో ఫెండర్ రోడ్స్ పియానో బేస్ వాయిస్తూ కుడి చేత్తో ఆర్గాన్ నడిపేవాడు. మీలో రెండో అతను మిడిల్ సి (కీబోర్డ్ మధ్యలో ఉండే సి నోటు) కంటే కిందికి దిగొద్దు.

సస్టెయిన్ పెడల్ మీంచి కాలు తియ్యండి బాబూ, నేనూ కొత్తలో దాన్ని స్కూటర్ బ్రేకులా తొక్కిపెట్టేవాణ్ణి, కార్డు మారినా పాతది మోగుతూనే ఉండేది. ఇంకోటి, గిటార్ ఆంప్‌లో పెడితే కీబోర్డ్ పైసౌండ్లన్నీ మూసుకుపోతాయి, కీబోర్డ్ ఆంప్ లేకపోతే నేరుగా పీఏకే (హాల్లో అందరికీ వినిపించే స్పీకర్ల సిస్టమ్) ఇచ్చెయ్యండి.