వార్డులో ఉంటే ఎంత, గది తీసుకుంటే ఎంత?

ప్రశ్న: నా భార్యకు 46 ఏళ్లు, మల్టిపుల్ మైలోమా (ఒక రకం రక్త క్యాన్సర్). కీమో బాగానే పనిచేసింది. ఇప్పుడు ఆమె సొంత మూలకణాలతోనే బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ చేస్తామంటున్నారు. విశాఖ ఆరిలోవ హెల్త్ సిటీలోని హాస్పిటల్లో మూడు వారాలు వార్డులో ఉండొచ్చు, లేదంటే దగ్గర్లో గది తీసుకుని రోజూ డే కేర్‌కు రావచ్చు అన్నారు. మాది గాజువాక. పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. కంపెనీ బీమా 5 లక్షలు, ఎఫ్‌డీ 6 లక్షలు, ఆనందపురంలో స్థలం ఉన్నాయి. గది తీసుకుంటే ఖర్చు కలిసొస్తుందా? స్థలం అమ్మేయాలా?

జవాబు: స్థలం జోలికి ఇప్పుడే వెళ్లకండి. హాస్పిటల్ ఖర్చుకు అమ్ముతున్నారని తెలిస్తే కొనేవాళ్లు ధర విరిచేస్తారు. చేతిలో ఉన్న డబ్బును దశలవారీగా విడదీసుకుంటే ఆ అవసరమే రాకపోవచ్చు.

గది తీసుకుంటే వార్డు అద్దె మిగులుతుంది, నిజమే. కానీ మీరు చూడాల్సింది జేబులోంచి పోయేది తగ్గుతుందా అని. చాలా పాలసీల్లో 24 గంటలు అడ్మిట్ అయితేనే క్లెయిమ్. డే కేర్ జాబితాలో ఉన్న చికిత్సలకే మినహాయింపు. రోజూ వెళ్లి ఎక్కించుకునే ప్లేట్‌లెట్లు, సెలైన్లు, రక్తపరీక్షలు ఓపీ కింద రాస్తే బీమా కంపెనీ రూపాయి కూడా ఇవ్వకపోవచ్చు. డిశ్చార్జి తర్వాత మందులకు కొన్నాళ్లు (చాలా పాలసీల్లో 60 రోజులు) ఇచ్చే కవరేజీ కూడా అడ్మిట్ అయితేనే. రక్త వ్యాధుల్లో మూలకణ మార్పిడిని పాలసీలోంచి తీసేయకూడదని 2019లోనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. సబ్ లిమిట్, అంటే ఆ చికిత్సకు ఇంతవరకే ఇస్తామన్న పరిమితి, మాత్రం పెట్టుకోవచ్చు. అందుకే రెండు పద్ధతులకూ విడివిడిగా ఎస్టిమేట్ రాయించి, హాస్పిటల్లో బీమా క్లెయిములు చూసే టీపీఏ డెస్క్ ద్వారా రెండింటికీ జవాబు మెయిల్లో తెప్పించుకోండి. నోటిమాట నమ్మొద్దు. హాస్పిటల్ రూమ్ అద్దెకు బీమా పెట్టిన పరిమితి కూడా అడగండి. అది దాటితే మిగతా బిల్లులోనూ అదే నిష్పత్తిలో కోత పడవచ్చు.

ఇక ఆ రోజులు ఎలా ఉంటాయో తెలిస్తేనే లెక్క కుదురుతుంది. ముందు ఇంజెక్షన్లిచ్చి మూలకణాలు సేకరిస్తారు. తర్వాత ఎక్కువ మోతాదులో మెల్ఫలాన్ అనే కీమో మందు ఇచ్చి, ఆ కణాలను తిరిగి ఎక్కిస్తారు. ఎక్కించడం రక్తం ఎక్కించినట్టే ఉంటుంది. కష్టమంతా ఆ తర్వాతే. రక్తకణాల కౌంట్లు పడిపోతాయి, నోరంతా పుండ్లు, విరేచనాలు, జ్వరం. కౌంట్లు కోలుకోవడానికి సాధారణంగా పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ సమయంలో 100.4 డిగ్రీల జ్వరం వస్తే అర్ధరాత్రయినా వెంటనే హాస్పిటల్‌కి చేరాలి. గాజువాక నుంచి ఎన్ఏడీ దాటి ఆరిలోవ చేరేసరికి ఎంతసేపవుతుందో మీకే తెలుసు. ఇంటి నుంచి రాకపోకలు వద్దు. గది తీసుకుంటే హాస్పిటల్ పక్కనే, వంటకు వీలున్నది చూడండి. కాచిన నీళ్లు, అప్పటికప్పుడు వండిన వేడి తిండి కావాలి. ఒకరు 24 గంటలూ ఆమె దగ్గరే ఉండాలి. ఆ మనిషి మీరే అయితే పోయే జీతమూ లెక్కలో వేయండి. ఇదంతా కలిపాక, డే కేర్ ఖర్చు ఇస్తామని బీమా కంపెనీ రాసివ్వకపోతే వార్డే మీకు మేలు అని నా అభిప్రాయం.

ఎఫ్‌డీ మొత్తం ఒకేసారి తీయకండి. రెండు లక్షలు సేవింగ్స్ ఖాతాలోకి తెచ్చుకోండి. బీమా చాలక బిల్లు కట్టాల్సి వస్తే మిగతా దానిపై బ్యాంకు లోన్ తీసుకోండి. ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత చాలామందికి జబ్బు తిరగబెట్టకుండా లెనలిడోమైడ్ మాత్రలు ఏళ్ల తరబడి రాస్తారు. చిన్నప్పటి టీకాలూ మళ్లీ వేయించుకోవాలి. డిశ్చార్జి తర్వాతి బీమా గడువు అయ్యాక ఇవన్నీ మీ చేతి నుంచే. డాక్టరు గారిని నెలకు ఎంతవుతుందో ఇప్పుడే అడిగి, ఏడాదికి సరిపడా ఎఫ్‌డీలోనే ఉంచండి.

తీవ్రమైన జబ్బుల వైద్య ఖర్చుకు ఇచ్చే పన్ను మినహాయింపును (80డీడీబీ) నమ్ముకోకండి. పాత పన్ను విధానంలో 40 వేల వరకూ ఉన్నా, బీమా ఇచ్చిన సొమ్మును అందులోంచి తీసేస్తారు. ఎన్టీఆర్ వైద్య సేవ డెస్క్‌లో అర్హత కనుక్కోండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసులో చికిత్సకు ముందే ఎస్టిమేట్‌తో దరఖాస్తు ఇవ్వండి. వైద్యం కోసం పీఎఫ్ అడ్వాన్స్ తిరిగి కట్టక్కర్లేదు, అయినా దాన్ని చివరికి ఉంచండి.

రాజీనామా ఆలోచన మాత్రం పెట్టుకోకండి, బీమా ఉద్యోగంతోనే ఉంది. జీతం లేని సెలవులో కూడా పాలసీ కొనసాగుతుందా అని హెచ్ఆర్‌ను ఈ వారమే రాతపూర్వకంగా అడగండి.