పబ్లిక్ గార్డెన్స్‌లో పక్షులను చూపించబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే ఆదివారం హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో కొత్తవారికి పక్షులను చూపించే బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాడిగా ముందుగా చెప్పవలసిన మాట ఒకటే ఉంది: తక్కువ నడిపించు, ఎక్కువసేపు నిలబెట్టు. తోటంతా ఒక చుట్టు తిప్పి నలభై పేర్లు వినిపిస్తే ఇల్లు చేరేసరికి ఒక్కటీ గుర్తుండదు. ఒకే రావిచెట్టు కింద అరగంట నిలబడి, ఏ పిట్ట వచ్చింది, ఏ పండు తిన్నది, దేన్ని తరిమింది అని చూసినవారు మాత్రం మరుసటి వారం తమంతట తామే వస్తారు.

అందుకని శనివారం పొద్దున్నే నువ్వొక్కదానివే వెళ్లి, పండ్లు కాసిన మర్రి, రావి చెట్లు ఎక్కడున్నాయో, తొర్రలున్న ముసలి చెట్లు ఏవో చూసుకొని మూడు నాలుగు చోట్లు ఎంచుకో. నిజాం కాలంలో బాగ్-ఎ-ఆమ్ అని పిలిచిన ఆ తోటకు, నా దృష్టిలో, భవనాలకన్నా ఆ చెట్లే పెద్ద ఆస్తి. గోరింకలూ, పైడికంటెలనే చిన్న గుడ్లగూబలూ కొయ్యను తొలచుకోలేవు. కొమ్మ పుచ్చినచోట ఏర్పడిన తొర్రో, వడ్రంగిపిట్ట వదిలేసిన గూడో వాటికి దొరకాలి. ఎండిన కొమ్మను ఎందుకు కొట్టేయలేదని ఎవరైనా అడిగితే, ఆ తొర్రనే చూపించి జవాబు చెప్పు.

మొదటి మజిలీ కంసాలిపిట్టది కావాలని నా కోరిక. సూర్యోదయం వేళ అది ఆకులేని కొమ్మ చివర ఎండ కాగుతూ కూర్చుంటుంది కనుక కొత్తవారికి కూడా సులభంగా దొరుకుతుంది. పిచ్చుకకన్నా కాస్త పెద్దది, ఆకుపచ్చ ఒళ్లు, నుదుట ఎర్రని మచ్చ, పసుపుపచ్చని గొంతు. రాగిరేకును చిన్న సుత్తితో కొడుతున్నట్లు టుక్, టుక్ అంటూ నిమిషాల తరబడి కూస్తుంది. అలా కూసేటప్పుడు ముక్కు తెరవదు. ప్రతి టుక్‌కూ గొంతుకు ఇరుపక్కలా చర్మం ఉబ్బి తగ్గుతుంది, తల ఊగుతుంది. తలను అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టే ఆ శబ్దం ఎటునుంచి వస్తున్నదో పోల్చుకోవడం కష్టం. ఇదంతా నువ్వు ముందే చెప్పేయకు. ముక్కు కదులుతున్నదేమో చూడండి అని అడిగి ఊరుకో. మిగతాది వాళ్లే కనిపెడతారు.

బైనాక్యులర్లు పంచగానే బయలుదేరవద్దు. ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి చాలు. అంతకన్నా ఎక్కువైతే చేతి వణుకు కూడా పెద్దదై కొత్తవారికి ఏమీ నిలకడగా కనిపించదు. పక్షిని ముందు వట్టి కంటితో పట్టుకొని, చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్లకు ఆనించుకోవడం కదలని కొమ్మల మీద సాధన చేయించు. వేలు చూపిస్తే ఎవరికీ అర్థం కాదు, పిట్ట కూడా బెదురుతుంది. చెట్టును గడియారంగా భావించి, రెండు గంటల దిక్కు కొమ్మ అని చెప్పు. పక్కనే ఉన్న శాసనసభ వైపు మాత్రం బైనాక్యులర్లు, పెద్ద లెన్సుల కెమెరాలు ఎత్తవద్దని మొదట్లోనే హెచ్చరించు.

పాలపిట్ట ఎక్కడ అని తప్పకుండా అడుగుతారు. అది తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరానాడు చూస్తే శుభమని మన నమ్మకం. కానీ అది పొలాల గట్లు, తీగలు, బయళ్లు ఇష్టపడే పక్షి కనుక గుబురు చెట్ల తోటలో ఆశ పెట్టవద్దు. కూర్చున్నప్పుడు మట్టిరంగులో సాదాగా ఉండి, ఎగిరితేనే ఆ నీలం విచ్చుకుంటుందని చెప్పు. పండుగకు దాన్ని పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో చూపి డబ్బులు తీసుకునేవారున్నారు. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే కాక, కళ్లముందే జరిగే హింస. ఈ విషయంలో మొహమాటపడకు.

చరిత్రకు ఐదు నిమిషాలు మించి ఇవ్వవద్దు. తోటలోని జూబ్లీహాలు 1913 నాటిదని, ఈజిప్టు మమ్మీ ఆ తోటలోని మ్యూజియంలోనే ఉందని చెబితే సరిపోతుంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతటా తిరిగి పక్షులను సర్వే చేశారన్న సంగతి మాత్రం తప్పక చెప్పు. ఈ నేల మీద ఆ పని ఏనాడో మొదలైందని వాళ్లకు తెలియాలి.

సెల్‌ఫోన్‌లో కూతలు వినిపించి పిట్టలను రప్పించనివ్వకు. తన హద్దులోకి మరో మగపక్షి వచ్చిందనుకొని అది మేత మాని ఆ శబ్దాన్ని వెతుక్కుంటుంది. గూడు కనబడితే గుంపును అక్కడ ఆపకు. మనుషులు గుమిగూడినచోటును కాకులు కనిపెట్టి గూటిలోని గుడ్లను, పిల్లలను ఎత్తుకుపోతాయి.

ఎండ చురుక్కుమనకముందే ముగించు. చూసినవాటి జాబితా అక్కడే అందరితో కలిసి రాయించు, పోల్చుకోలేనిదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టించు. ఆ జాబితా నకలు ఒకటి నాకు పంపు.

ఇట్లు,
మీ మామయ్య