నెట్ దగ్గరికి వెళ్తే పక్కనుంచి కొట్టేస్తున్నారు, మానేయాలా?

వయసు 40 దాటింది, టెన్నిస్ సింగిల్స్‌లో నెట్ మీదకి వెళ్లిన ప్రతిసారీ బంతి పక్కనుంచి పోతోంది, ఇక బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దగ్గరే ఉండిపోనా అనడిగారు. ఉండిపోకండి. ఏ బంతికి వెళ్తున్నారో అది మాత్రం మార్చుకోండి.

మాది సోంపేట వైపు. ఉద్యోగానికని ఇచ్ఛాపురం దాటి బరంపురం వచ్చి పడ్డాను. ఇక్కడ సాయంత్రాలు సిమెంట్ కోర్టులో ఆట. డబుల్స్‌లో నా జోడీ ఒడియా ఆయన. కొత్తలో నా వెనక నుంచి "ఆగకు, ఆగకు" అని ఒకటే అరుపు. ఒడియాలో దానర్థం ముందుకి అని. నాకు అప్పటికి ఒడియా ముక్క రాదు, ఆగొద్దంటున్నాడనుకుని ఉరికేవాణ్ణి. ఎలా అనుకున్నా పరిగెత్తడమే కాబట్టి ఆ పొరపాటు చాన్నాళ్లు బయటపడలేదు. చిక్కేమిటంటే, ఆగాల్సిన చోట కూడా నేను ఆగేవాణ్ణి కాదు. అవతలివాడు బంతి కొట్టేసరికి ఇంకా పరుగులోనే ఉండేవాణ్ణి. బంతి కుడికొస్తే ఒళ్లు ఎడమకి పోయేది. మీకు జరుగుతున్నదీ ఇదేనని నా అనుమానం.

అవతలివాడి రాకెట్ బంతిని తాకబోతుండగా మీరు ఎక్కడున్నా సరే, చిన్న గెంతు గెంతి రెండు కాళ్ల మీద నిలవాలి. నెట్ ఇంకా దూరంగా ఉన్నా పర్లేదు.

సర్వీస్ లైన్, అంటే సర్వీస్ బంతి దాటకూడని గీత, నెట్‌కి 21 అడుగులు. ఆ చుట్టుపక్కల పడ్డ పొట్టి బంతికే నేను కదులుతాను. లోతుగా పడ్డదానికి బయల్దేరితే సగం దారిలో దొరికిపోతాం. ఇక కొట్టేది స్లైస్ (బంతి అడుగున కోసినట్టు కొట్టే దెబ్బ), కిందగా, పక్క లైన్ వెంబడి తిన్నగా. ఐమూలగా కొడితే ఖాళీ అయిన పక్క మూయడానికి కోర్టంతా అడ్డంగా పరిగెత్తాలి. తిన్నగా కొడితే నాలుగడుగులు చాలు. పైగా అతను లైన్ మీదుగా మనల్ని దాటించాలంటే అటువైపు నెట్ ఎత్తు ఎక్కువ: మధ్యలో 3 అడుగులైతే గుంజ దగ్గర మూడున్నర.

టీవీలో ఎవరూ నెట్ దగ్గరికి వెళ్లడం లేదు కదా అంటారు. 2001లో వింబుల్డన్‌లో గడ్డి మార్చారు, బంతి ఎత్తుగా లేస్తోంది. రాకెట్‌కి కట్టే పాలియెస్టర్ తీగల పుణ్యమా అని టాప్‌స్పిన్ (బంతి ముందుకి గిరగిరా తిరిగేలా) కొడితే నెట్ దాటగానే కాళ్ల దగ్గరకి దిగిపోతుంది. ఆ బాధ వాళ్లది. మన ఎదురుగా ఉండేది ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన మనిషి. నెట్ దగ్గర మనల్ని చూస్తే కంగారుపడి బంతిని నెట్‌కే కొట్టేస్తాడు. అవి మన లెక్కలోకి రావు, పక్కనుంచి పోయినవే గుర్తుంటాయి. నేనో నెల కోర్టు గోడ మీద సుద్దతో గీతలు పెట్టి చూశాను. నా వాలీలకి (బంతి నేలకి తగలకముందే కొట్టినవాటికి) వచ్చిన పాయింట్ల కంటే వాళ్లు తప్పు కొట్టి ఇచ్చినవే ఎక్కువ.

లాబ్, అంటే మన తల మీదుగా ఎత్తుగా లేపే బంతి, అదొక్కటే తలనొప్పి. గోపాలపూర్ నుంచి సముద్రం గాలి లేచిన సాయంత్రాల్లో దాన్ని గాల్లో స్మాష్ చేసే సాహసం చేయను. ఒకసారి నేలకి తగలనిచ్చి కొడతాను.